సిగ్నల్ నిండుగా ఉంది, కాల్ మాత్రం తెగుతోంది: ఒక ఆసుపత్రి వై-ఫై కేసు

కోస్తాలోని ఒక పట్టణంలో ఐదంతస్తుల ఆసుపత్రి అది. పాత ఇంటర్‌కామ్ తీసేసి నర్సులకు ఆండ్రాయిడ్ హ్యాండ్‌సెట్లు ఇచ్చారు. వార్డు నుంచి డ్యూటీ డాక్టరుకు, ల్యాబ్‌కు, బ్లడ్ బ్యాంక్‌కు వెళ్ళే కాల్స్ అన్నీ వై-ఫై మీదకి మారాయి. డాక్టర్లలో చాలామంది సొంత ఐఫోన్లలో అదే యాప్ వేసుకున్నారు. మందుల ట్రాలీల మీద ఉండే ల్యాప్‌టాప్‌లు కూడా అదే వై-ఫై మీద తిరుగుతుంటాయి. కొత్త పద్ధతి మొదలైనప్పటి నుంచీ ఒకటే ఫిర్యాదు: నిలబడి మాట్లాడితే బాగుంటుంది, నడుస్తూ మాట్లాడితే తెగుతుంది.

ఆసుపత్రిలో నిలబడి మాట్లాడే తీరిక ఎవరికుంటుంది? పేషెంట్‌కు ఆక్సిజన్ పడిపోతోందని డాక్టరుకు చెప్పే సిస్టర్ ఆ మాట పరుగులాంటి నడకలోనే చెబుతుంది. మధ్యలో రెండు మూడు సెకన్లు మాట పోయిందంటే ఏ మందు, ఎంత డోసు అన్నది సగమే చెవిన పడుతుంది. అందుకని దీన్ని మొదటి నుంచీ పేషెంట్ భద్రతకు సంబంధించిన పనిగానే తీసుకున్నాను.

దీన్ని సరిచేయడానికి నేను వెళ్ళేసరికే ఒక మరమ్మతు జరిగిపోయింది. పరికరాలు బిగించినవాళ్ళు మళ్ళీ వచ్చి, కారిడార్లలో ఇంకొన్ని యాక్సెస్ పాయింట్లు, అంటే వై-ఫై సిగ్నల్ పంచే బాక్సులు పెట్టి, అన్నిటి పవర్‌నూ గరిష్ఠానికి పెంచి వెళ్ళారు. ఫోన్లలో సిగ్నల్ గీతలన్నీ నిండాయి. కాల్స్ తెగడం మాత్రం ఇంకా పెరిగింది.

నిర్ణయం ఫోన్‌దే

ఈ కేసు అర్థం కావాలంటే ముందు ఒక విషయం తెలియాలి. మొబైల్ టవర్లు ఎలా పనిచేస్తాయో వై-ఫై కూడా అలాగే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. 4జీలో కాల్ నడుస్తుండగా ఫోన్ చుట్టుపక్కల సెల్స్‌ను కొలిచి ఆ లెక్కలు టవర్‌కు పంపుతుంది. ఎప్పుడు మారాలి, దేనికి మారాలి అన్న ఆజ్ఞ నెట్‌వర్క్ నుంచి వస్తుంది. వై-ఫైలో ఆ పెత్తనం పరికరానిది. 1997లో వై-ఫైకి మూలమైన మొదటి 802.11 ప్రమాణం వచ్చినప్పటి నుంచీ ఏ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఫోనే తేల్చుకుంటోంది. నెట్‌వర్క్ సలహా ఇవ్వగలదు, లేదంటే కనెక్షన్ తెంపి బయటికి తోసెయ్యగలదు. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు.

ఫోన్ ఎలా తేల్చుకుంటుందంటే, ఇప్పుడున్న పాయింట్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక హద్దు కంటే కిందికి పడేదాకా అది పక్కచూపు చూడదు. పడ్డాక అదే వై-ఫై పేరుతో ఇంకే పాయింట్లున్నాయో వెతుకుతుంది. దొరికినవాటిలో ఇప్పటిదానికంటే చెప్పుకోదగ్గంత మెరుగైనది ఉంటేనే మారుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. ఆపిల్ ఈ అంకెలను బహిరంగంగానే చెప్పింది. ఐఫోన్, ఐప్యాడ్‌లకు ఆ హద్దు మైనస్ 70 డీబీఎం. డీబీఎం అంటే సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమైనట్టు. డేటా నడుస్తున్నప్పుడు కొత్త పాయింట్ 8 డీబీ మెరుగ్గా ఉండాలి, ఖాళీగా ఉన్నప్పుడైతే 12 డీబీ. మ్యాక్ ల్యాప్‌టాప్‌లకు హద్దు మైనస్ 75. ఆండ్రాయిడ్‌లో చిప్ తయారీదారునీ, ఫోన్ కంపెనీనీ బట్టి హద్దు మారిపోతుంది. ఒకే కంపెనీ రెండు మోడళ్ళు కూడా ఒకేలా ప్రవర్తించవు. ఈ ఆసుపత్రి హ్యాండ్‌సెట్ ఎక్కడ మేలుకుంటుందో తెలియాలంటే దాన్ని చేత్తో పట్టుకుని కారిడార్‌లో నడవడమే మార్గం.

ఎనిమిది, పన్నెండు డీబీల మెరుగు అడగడంలో అర్థముంది. ఆ తేడా అడగకపోతే రెండు పాయింట్ల మధ్య నిలబడ్డ ఫోన్, చెయ్యి అటూ ఇటూ కదిలినప్పుడల్లా అటొకసారి ఇటొకసారి దూకుతూనే ఉంటుంది. మొండితనంగా కనిపించేది నిజానికి కావాలని పెట్టిన నిదానం. ఆ నిదానానికి తగ్గట్టు భవనంలో సిగ్నల్‌ను పరచకపోవడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

నడిచి చూస్తే తెలిసింది

రెండో అంతస్తులో జనరల్ వార్డు నుంచి ఐసీయూ దాకా పొడవాటి కారిడార్ ఉంది. హ్యాండ్‌సెట్‌లో కాల్ పెట్టుకుని, గాలిలో వెళ్ళే డేటా ముక్కలను, అంటే ప్యాకెట్లను, పట్టి రికార్డు చేసే ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని నడిచాను. కారిడార్ మధ్యలో నెత్తి మీదే ఒక యాక్సెస్ పాయింట్ ఉంది, మైనస్ 50 చుట్టూ వినబడుతోంది. ఫోన్ మాత్రం వార్డు మొదట్లో పట్టుకున్న పాయింట్‌నే పట్టుకుని ఉంది. ఐసీయూ తలుపు దాకా అదే తీరు. మధ్యలో గోడలు లేవు, పవర్ గరిష్ఠంగా ఉంది. అందుకే అంత దూరం నుంచి కూడా మైనస్ 68 దగ్గర నిలకడగా అందుతోంది. హద్దు దాటనే లేదు కాబట్టి ఇంకో పాయింట్‌ను వెతకాల్సిన పని ఫోన్‌కు కనబడలేదు.

మరి మైనస్ 68 బాగానే ఉంది కదా, మాట ఎందుకు పోవాలి? సిగ్నల్ గీతలు చెప్పేది ఫోన్‌కు ఎంత వినబడుతోందన్నది మాత్రమే. ఫోన్ మాట అవతలికి ఎంత వినబడుతోందో ఆ గీతల్లో ఉండదు. గుడి మైకు ఊరంతా వినబడుతుంది, కానీ మన ఇంటి అరుగు మీంచి బదులు చెబితే గుళ్ళో ఎవరికీ వినబడదు. ఇక్కడ జరిగిందీ అదే. యాక్సెస్ పాయింట్ 23 డీబీఎంతో పంపుతోంది, హ్యాండ్‌సెట్ పంపగలిగేది 13 డీబీఎం చుట్టూ. దారిలో పోయే నష్టం రెండు వైపులా ఒకటే కాబట్టి ఫోన్‌కు మైనస్ 68 వినబడేచోట ఫోన్ మాట పాయింట్‌కు మైనస్ 78గా చేరుతుంది. కారిడార్‌లోని రొద మధ్య అది చాలదు. ప్యాకెట్లు మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తోంది. డాక్టరు మాట సిస్టర్‌కు వినబడుతోంది, సిస్టర్ మాటే డాక్టరుకు ముక్కలైపోతోంది. చాలామంది చెప్పిన ఫిర్యాదు సరిగ్గా ఇదే. “వాళ్ళు హలో హలో అంటూనే ఉంటారు సార్, నాకేమో వాళ్ళ గొంతు చక్కగా వినబడుతుంటుంది.”

కాబట్టి పవర్ పెంచిన మరమ్మతు ఎందుకు పనిచేయలేదన్నది తేలింది. పెంచింది ఒకవైపు గొంతునే. దాంతో పాత పాయింట్ ఇంకా దూరం దాకా వినబడి ఫోన్‌ను తనకే కట్టిపడేసింది.

సిస్టర్ ఇచ్చిన ఆధారం

పవర్ తగ్గిస్తే చాలు అనుకుని అక్కడితో ఆగిపోయే అవకాశం ఉంది. ఐసీయూలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక సీనియర్ సిస్టర్ చెప్పిన మాట వల్ల రెండో కారణం బయటపడింది.

“సార్, డ్యూటీ ఎక్కగానే మొదటిసారి అటు వెళ్ళేటప్పుడు తెగుతుంది. అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు తెగదు. నాకైతే ఇది మామూలు సిగ్నల్ గొడవలా లేదు.”

“ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టేటప్పుడు స్విచాఫ్ చేస్తారా సిస్టర్?”

“చేస్తాం సార్. షిఫ్ట్ మారేటప్పుడు ఆఫ్ చేసి ర్యాక్‌లో పెడతాం.”

ఇంత చక్కటి పరిశీలన నాకు పరికరాల్లో కూడా అరుదుగా దొరుకుతుంది. ఫోన్లు వాడే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో తనిఖీ ఉంది, అంటే 802.1ఎక్స్ పద్ధతి. ఆ తనిఖీ చేసే రేడియస్ సర్వర్ ఆసుపత్రిలో లేదు. హైదరాబాద్‌లోని వాళ్ళ హెడ్ ఆఫీసులో ఉంది, వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీద వేసుకున్న సొంత రహస్య దారి మీదుగా వెళ్ళి రావాలి. ఫోన్ కొత్త యాక్సెస్ పాయింట్‌కు మారిన ప్రతిసారీ సర్టిఫికెట్, సొరంగం, పాస్‌వర్డ్ అంటూ సర్వర్‌తో పది దాకా రాకపోకలు జరగాలి. ల్యాప్‌టాప్ పట్టిన ప్యాకెట్ల రికార్డులో, అంటే క్యాప్చర్‌లో చూస్తే మంచి సమయంలో అర సెకను, లింక్ బిజీగా ఉంటే సెకను దాటుతోంది. అంతసేపూ మాటల ప్యాకెట్లు కదలవు. మాటకు ఒక్కో ప్యాకెట్ 20 మిల్లీసెకన్లది, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. సెకను పోయిందంటే ఒక వాక్యం పోయినట్టే.

తిరిగొచ్చేటప్పుడు ఎందుకు తెగదంటే, ఒకసారి తనిఖీ పూర్తయిన పాయింట్ దగ్గర తయారైన తాళంచెవిని ఫోనూ ఆ పాయింటూ రెండూ కొంతకాలం దాచుకుంటాయి. అదే పాయింట్‌కు మళ్ళీ వచ్చినప్పుడు హైదరాబాద్ దాకా వెళ్ళక్కర్లేదు, నాలుగు సందేశాల చిన్న మార్పిడితో పని అయిపోతుంది. ఫోన్ స్విచాఫ్ చేస్తే దాచుకున్నది పోతుంది. సిస్టర్ చెప్పినదానికీ క్యాప్చర్‌లో కనబడినదానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

వెతుకులాటలో పోయే కాలం

మూడో చిక్కు వెతకడంలో ఉంది. మన దేశంలో 2018లో వై-ఫై వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చారు. ఛానెళ్ళు పెరగడం మంచిదే. అయితే వాటిలో 52 నుంచి 64 దాకా ఉన్న నాలుగు, 100 నుంచి 140 దాకా ఉన్న పదకొండు ఛానెళ్ళు రాడార్లతో పంచుకోవాల్సినవి. అక్కడ ఫోన్ తనంతట తాను “ఎవరైనా ఉన్నారా” అని కేక వేయకూడదు. “నేనిక్కడున్నాను” అని యాక్సెస్ పాయింట్ పంపే బీకన్ వచ్చేదాకా నోరు మూసుకుని వినాలి. బీకన్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది. అంటే ఒక్కో ఛానెల్‌లో నూరు మిల్లీసెకన్ల పైనే కాచుకోవాలి. ఆ పదిహేనూ విని రావాలంటే మొత్తం ఒకటిన్నర సెకను దాటుతుంది. కేక వేసి వెతకగలిగే ఛానెళ్ళలో అయితే ఒక్కోదానికి ఇంతకంటే చాలా తక్కువ సమయం పడుతుంది.

వేరే ఛానెల్ వినడానికి వెళ్ళే ముందు ఫోన్ తన పాయింట్‌తో “నేను కాసేపు నిద్రపోతున్నాను” అని చెప్పి వెళుతుంది. ఆ కాసేపూ వచ్చిన ప్యాకెట్లను పాయింట్ దాచిపెడుతుంది, ఫోన్ తిరిగి రాగానే ఒక్కసారిగా ఇస్తుంది. వెబ్ పేజీకి ఇది తెలియదు కూడా. ఫోన్ కాల్‌లో ఆలస్యంగా వచ్చిన మాట పనికిరాదు, యాప్ దాన్ని పారేస్తుంది. ఈ ఆసుపత్రిలో యాక్సెస్ పాయింట్లు ఛానెళ్ళను తమంతట తామే ఎంచుకునేలా వదిలేయడంతో అవి అన్ని ఛానెళ్ళలోకీ చెదిరిపోయి ఉన్నాయి. ఇక 802.11కె, అంటే “నీ చుట్టుపక్కల వీళ్ళున్నారు, ఈ ఛానెళ్ళలో ఉన్నారు” అని పాయింటే ఫోన్‌కు జాబితా ఇచ్చే సౌకర్యం, ఆపేసి ఉంది. 2008లో వచ్చిన ప్రమాణం, నేటి ఫోన్లలో చాలావాటికి తెలుసు. పాయింట్లన్నిటినీ నడిపే కంట్రోలర్‌లో ఒక టిక్కు పెట్టకపోవడం వల్ల ప్రతి హ్యాండ్‌సెట్ చీకట్లో తడుముకుంటూ తిరిగింది.

ఇంకా చిన్నాచితకా చాలా కనబడ్డాయి. అవసరానికి మించి నెట్‌వర్క్ పేర్లు ప్రసారమవుతున్నాయి. 1 ఎంబీపీఎస్ లాంటి కాలం చెల్లిన వేగాలు తెరిచే ఉన్నాయి. ఒక పాయింట్ మీద జనం ఎక్కువైతే కొత్తవాళ్ళను తిప్పికొట్టే లోడ్ బ్యాలెన్సింగ్ ఆన్‌లో ఉంది. కాల్ మధ్యలో ఉన్న ఫోన్‌కు తలుపు మూసేయడం కంటే అన్యాయం ఇంకోటి ఉండదు, దాన్ని ఆ రోజే ఆపించాను. ఔట్‌పేషెంట్ బ్లాక్‌లో ఎవరో సొంత రౌటర్ తెచ్చి, ట్రాలీలు వాడే మామూలు పాస్‌వర్డ్ నెట్‌వర్క్ పేరూ పాస్‌వర్డే దానికీ పెట్టారు. ట్రాలీ అటు వెళ్ళగానే ల్యాప్‌టాప్ ఆ రౌటర్‌ను తమదే అనుకుని ఎక్కేది, ఐపీ అడ్రస్ మారిపోయేది, తెరిచి ఉన్న కేస్ షీట్ మూసుకుపోయేది. పేరూ పాస్‌వర్డూ ఒకటైతే చాలు, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ నమ్మేస్తాయి. ఆ రౌటర్ తీయించేశాం.

తగ్గించడానికి ఒప్పించడం

సాంకేతికంగా కష్టమైన భాగం అప్పటికే అయిపోయింది. యాజమాన్యాన్ని ఒప్పించడం దానికంటే బరువైన పని.

“సార్, మేము ఇంకో పది బాక్సులు పెట్టమని అడుగుదామనుకుంటుంటే మీరు ఉన్నవి తీసేద్దామంటారేంటి?” అన్నారు ఐటీ ఇన్‌ఛార్జ్ గారు. ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు. డబ్బు పెట్టి కొన్నవి, పేషెంట్ల బంధువులు గీతలు తక్కువుంటే రిసెప్షన్‌కు వచ్చి గొడవ పడతారు. నేను ఆయనకు హ్యాండ్‌సెట్ ఇచ్చి, ల్యాప్‌టాప్ తెర కనబడేలా పక్కన నడిచాను. నెత్తి మీద ఉన్న పాయింట్‌ను దాటుకుంటూ వెళుతున్నా ఫోన్ వార్డు మొదట్లోని దాన్నే పట్టుకుని ఉండటం కళ్ళారా చూశాక ఆయనే అన్నారు, “ఐతే ఒక ఫ్లోర్‌లో చేసి చూద్దాం సార్.” అలా రెండో అంతస్తు ఒక్కదానితో మొదలుపెట్టాం.

కారిడార్‌లో వరుసగా ఉన్న పాయింట్లను తీసి, వార్డుల లోపలికీ గదుల లోపలికీ మార్చాం. గోడలు ఇక్కడ మనకు సాయం చేస్తాయి. గది దాటగానే పాత సిగ్నల్ చప్పున తగ్గుతుంది, ఫోన్‌కు కొత్తది వెతకాలన్న బుద్ధి పుడుతుంది. 5 గిగాహెర్ట్జ్ పవర్‌ను 14 డీబీఎం దగ్గర ఆపాం, అంటే హ్యాండ్‌సెట్ గొంతుతో దాదాపు సమానం. ఇంతకుముందు మైనస్ 68 వినబడినచోట ఇప్పుడు అదే పాయింట్ మైనస్ 77గా వినబడుతుంది. ఐఫోన్ హద్దు దానికి చాలా ముందే దాటిపోతుంది కాబట్టి అక్కడిదాకా లాక్కురాకుండానే మారుతుంది. పక్కపక్క పాయింట్లు కలిసేచోట రెండూ మైనస్ 67 కంటే మెరుగ్గా అందేలా కొలిచి జరిపాం. ఈ పని కాగితం మీద చేయకూడదు. తలుపులు మూసి, మంచాలు వేసి, మనుషులు తిరుగుతుండగా కొలవాలి.

ఛానెళ్ళను 36, 40, 44, 48తో పాటు 149 నుంచి 165 దాకా ఉన్న ఐదింటికి పరిమితం చేశాం. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 80 పెడితే స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె కనబడుతుంది కానీ ఇన్ని పాయింట్లున్న భవనంలో ఛానెళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఒక కాల్‌కు నిజానికి నూరు కేబీపీఎస్ చుట్టూ సరిపోతుంది. కనిష్ఠ వేగం 12 ఎంబీపీఎస్ చేశాం. 2.4 గిగాహెర్ట్జ్‌ను చాలాచోట్ల ఆపేసి, మిగిలినచోట్ల 1, 6, 11 ఛానెళ్ళలో ఉంచాం. 802.11కె ఆన్ చేశాం. దానితో పాటు 802.11వి కూడా. “నీకు ఫలానా పాయింట్ బాగుంటుంది” అని మర్యాదగా సూచించేది అది.

సిగ్నల్ బలహీనపడిన ఫోన్‌ను కంట్రోలరే తెంపేసే సెట్టింగ్ ఒకటుంటుంది. చాలామంది మొండి ఫోన్లకు అదే మందు అంటారు. కాల్స్ నడిచే నెట్‌వర్క్‌లో నేను దాన్ని వాడను. తెంపిన మరుక్షణం ఫోన్‌కు వెళ్ళే చోటు సిద్ధంగా ఉంటుందన్న భరోసా లేదు, కొన్ని ఫోన్లు తోసేసిన పాయింట్‌కే మళ్ళీ వచ్చి తలుపు కొడతాయి. సిగ్నల్‌ను సరిగ్గా పరిస్తే ఫోన్ తనంతట తానే మంచి నిర్ణయం తీసుకుంటుంది. ఈ కేసు మొత్తంలో నేను పట్టుబట్టింది ఇదొక్కదాని మీదే.

తనిఖీ ఆలస్యానికి 802.11ఆర్ వాడాం. ఇందులో మొదటిసారి ఒక్కసారే హైదరాబాద్ సర్వర్‌తో పూర్తి తనిఖీ జరుగుతుంది. అప్పుడు పుట్టిన మూల తాళం నుంచి ఒక్కో పాయింట్‌కు వేర్వేరు తాళాలు తయారై ఆ ప్రాంగణంలోని పాయింట్లకు అందుతాయి. ఫోన్ ఏ కొత్త పాయింట్‌కు వెళ్ళినా నాలుగు ఫ్రేముల్లో పని ముగుస్తుంది. చిక్కల్లా పాత పరికరాలతోనే. ల్యాబ్‌లోని ఒక ఎనలైజరూ, పోర్టబుల్ ఎక్స్‌రే యంత్రమూ ఈ పద్ధతి చూడగానే నెట్‌వర్క్‌లో చేరడమే మానేశాయి. వాటికి వేరే పేరుతో మామూలు పాస్‌వర్డ్ నెట్‌వర్క్ ఇచ్చాం. ఆ ఎక్స్‌రే యంత్రం గది గదికీ తిరిగినా డేటా పంపేది నిలబడి ఉన్నప్పుడే కాబట్టి దానికి నష్టం లేదు. ట్రాలీ ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ కార్డులున్నాయి. వాటి డ్రైవర్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని, ఎంత త్వరగా వేరే పాయింట్‌కు మారాలో చెప్పే ఐదు మెట్ల సెట్టింగ్ ఉంటుంది. మధ్య మెట్టు నుంచి ఒకటి పైకి జరిపాం. అన్నిటికంటే పై మెట్టుకు తీసుకెళితే అవసరం లేకుండా కూడా దూకుతూ ఉంటాయి.

మళ్ళీ నడక

అదే కారిడార్, అదే హ్యాండ్‌సెట్, స్విచాఫ్ చేసి ఆన్ చేశాక మొదటి నడక. వార్డు తలుపు దాటిన కొద్ది అడుగుల్లోనే ఫోన్ మారింది. క్యాప్చర్‌లో పాయింట్ మారినచోట పట్టిన కాలం పదుల మిల్లీసెకన్లలో ఉంది. అవతలున్న సిస్టర్‌కు అంకెలు చదివి వినిపిస్తూ నడిచాను, ఒక్క అంకె కూడా తప్పకుండా తిరిగి చెప్పారు. ఆ తర్వాత మిగతా అంతస్తులు కూడా ఇదే తీరులో మార్చాం.

రెండుచోట్ల ఇంకా ఆలోచించాల్సి వచ్చింది. ఎక్స్‌రే, సీటీ గదుల గోడల్లో సీసం ఉంటుంది, తలుపు మూయగానే సిగ్నల్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. హద్దు దాటిందని గమనించి వెతికే వ్యవధి కూడా ఫోన్‌కు ఉండదు. ఆ గదుల లోపల తక్కువ పవర్‌తో ఒక్కో పాయింట్ పెట్టి, తలుపు తెరిచి ఉండగానే ఫోన్‌కు అది వినబడేలా గుమ్మానికి ఎదురుగా బిగించాం. లిఫ్ట్ మాత్రం అలాగే ఉంది. ఇనుప పెట్టెలో రెండంతస్తులు దాటే ఫోన్ కాల్‌ను కాపాడాలంటే లిఫ్ట్ గుంతలో వేరే ఏర్పాటు కావాలి, లిఫ్ట్ కంపెనీ అనుమతి కావాలి. అది వచ్చేదాకా ముఖ్యమైన కాల్‌లో ఉంటే మెట్ల మీంచి వెళ్ళమని నర్సింగ్ సూపరింటెండెంట్ గారు నోటీసు పెట్టారు. మెట్ల మలుపుల దగ్గర కవరేజీ మళ్ళీ కొలిచి చూశాం, బాగుంది.

అప్పగించేటప్పుడు కంట్రోలర్‌లో ఆటో పవర్‌కు పై హద్దు 14 డీబీఎంగా కట్టేశాం. ఎవరైనా గీతలు తక్కువగా ఉన్నాయని ఫిర్యాదు చేస్తే ముందు ఏ పాయింట్‌కు కలిసి ఉందో చూడాలని, పవర్ జోలికి వెళ్ళేది ఆ తర్వాతేనని ఐటీ ఇన్‌ఛార్జ్ గారు తన రిజిస్టర్ మొదటి పేజీలో రాసుకున్నారు.